పల్చబడ్డ జుట్టుకు ఏ క్రాపు?

బట్టతల సంగతి మగవాడికి చాలాసార్లు సెలూన్ కుర్చీలోనే తెలుస్తుంది. క్రాపు అయ్యాక మెడ వెనక చిన్నద్దం పట్టి "చూస్కోండి" అంటారు. ఎదుటి అద్దంలో ఆ చిన్నద్దం, అందులో తన తల వెనకభాగం, దాని నడుమ రూపాయి బిళ్లంత పలచని చోటు. "నడినెత్తి కాస్త పల్చబడిందండీ, లైటుకి అలా కనబడతంది గానీ పర్లేదండి" అని గోదావరి మర్యాదతో ధైర్యం చెబుతారు. ఆ మాటతో ధైర్యం వచ్చినవాడు అరుదు. ఆ సాయంత్రం నుంచే వేట మొదలు. ఉల్లిపాయ రసం, మందార నూనె, గ్రూప్ ఫొటోల్లో వెనక వరస, ట్యూబ్‌లైట్ కింద కూర్చోకుండా తప్పించుకోవడం.

నిజానికి ఆ అద్దం ఆలస్యంగా చెప్పింది. మనిషి తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. రోజుకు యాభై నుంచి వంద దాకా రాలడం మామూలే. ఒక చోట సాంద్రత సగానికి దగ్గరగా తగ్గేదాకా పల్చదనం కంటికి ఆనదు. మగవాళ్లలో ఎక్కువగా వచ్చే బట్టతలకు కారణం టెస్టోస్టెరాన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోన్. వంశపారంపర్యంగా దానికి లొంగే కుదుళ్లు ఏటికేడు చిన్నవైపోయి, లావు వెంట్రుకకు బదులు నూగు లాంటిది మొలిపిస్తాయి. మేనమామకు బట్టతలైతే మేనల్లుడికీ తప్పదని ఇళ్లలో అంటారు. తల్లి వైపు నుంచి వచ్చే ఎక్స్ క్రోమోజోమ్ మీద ఒక ముఖ్యమైన జన్యువు ఉన్నమాట నిజమే. అయితే ఇందులో పాత్ర ఉన్న జన్యువులు చాలా ఉన్నాయి, నాన్నగారి వాటా కూడా తక్కువేం కాదు. ఈ బట్టతల ఎటు నుంచి ఎటు పాకుతుందో అమెరికా డాక్టరు నార్వుడ్ 1975లో ఏడు దశలుగా విడదీశాడు. ముందు కణతల దగ్గర వెనక్కి తగ్గుతుంది, తర్వాత నడినెత్తి, ఆపైన రెండూ కలుస్తాయి. చెవుల పైనా, తల వెనకా ఉన్న దండ మాత్రం చివరిదాకా నిలుస్తుంది.

భీమవరం, నరసాపురం, రాజోలు వైపు ఎవరినడిగినా నేరం ఉప్పునీళ్ల మీదికి నెడతారు. ఆ నీళ్లకు సబ్బు నురగ రాదు, జుట్టు బిరుసెక్కుతుంది, చిక్కుపడి మధ్యకు తెగుతుంది. అంతవరకూ నిజం. కానీ తెగేది పైన కనిపించే పోగు, కుదురుకు దాంతో పని లేదు. నీళ్లు మార్చి హైదరాబాద్ వెళ్లిన కుర్రాళ్లకూ కణతలు వెనక్కి పోతూనే ఉన్నాయి. హెల్మెట్ మీద పెట్టిన నేరం కూడా ఇలాంటిదే, బోడిగుండుకీ మోకాలికీ ముడి.

జుట్టు పోవడం అనాదిగా ఉన్నదే. అది ఇంత పెద్ద బాధ కావడం మాత్రం క్రాపు వచ్చాకే అనిపిస్తుంది. నూటయాభై ఏళ్ల కిందట గోదావరి జిల్లా అగ్రహారాల్లో మగవాళ్లు ముందుతల గొరిగించుకుని వెనక పిలక ఉంచుకునేవారు. కణతలు ఎంత వెనక్కి వెళ్లాయో చెప్పడానికి అక్కడ జుట్టే లేదు. ఉద్యోగస్తులకు తలపాగా ఉండేది. కందుకూరి వీరేశలింగం ఫొటోల్లో తలపాగాతోనే కనిపిస్తారు. కొంతకాలం రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో పాఠాలు చెప్పిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను తలపాగా లేకుండా ఊహించుకోవడమే కష్టం. ఇరవయ్యో శతాబ్దం సాగేకొద్దీ పిలక పోయింది, పాగా దిగింది, దువ్వెన జేబులోకి వచ్చింది. ముందుతల మీద జుట్టు ఉండటం అందమైపోయిన నాటి నుంచే అది లేకపోవడం లోటు అయింది.

ఆ లోటును కనబడకుండా చేసే విద్యకు మూలసూత్రం ఒక్కటే: నల్లటి జుట్టుకూ, దాని కింద మాడు రంగుకూ మధ్య తేడా ఎంత తగ్గితే పల్చదనం అంత తక్కువగా తెలుస్తుంది. తక్కినవన్నీ ఈ సూత్రానికి పిలకలే.

మొదటి దెబ్బ నూనెకే తగులుతుంది. కోనసీమలో పుట్టినవాడికి తలకు నూనె వద్దని చెప్పడం ఇబ్బందే. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ పక్కన పెరిగి, తల స్నానానికి ముందొకసారి, తర్వాతొకసారి రాసుకునే అలవాటున్న చోటిది. కొబ్బరినూనె మేలు చేయదని కాదు. అది పోగులోకి ఇంకి, కడిగేటప్పుడు ప్రొటీన్ పోకుండా కాపాడుతుందని 2003లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. పోయిన కుదుళ్లను మాత్రం అది తిరిగి తేలేదు. పైగా నూనె రాసిన జుట్టు పోగులు పోగులుగా అతుక్కుంటుంది, ఆ పోగుల సందున మాడు మెరుస్తుంది. నూనె పెట్టి నున్నగా దువ్విన తలలో పల్చదనం రెట్టింపుగా కనిపించేది అందుకే. నూనె మానలేనివాళ్లు రాత్రి రాసుకుని పొద్దున షాంపూతో కడిగేస్తే గొడవ లేదు. బయటికి వెళ్లేటప్పుడు తల పొడిగా ఉండాలి. తడి తడిగా మెరిసే జెల్ కూడా నూనె చేసే పనే చేస్తుంది. మెరుపు లేని, మట్టిలా ఆరిపోయే క్లే రకం వేళ్లకు కొంచెం రాసుకుని కుదుళ్ల దగ్గర రుద్దితే జుట్టు లేచి నిలబడుతుంది.

ఇక క్రాపు. కణతలు మాత్రమే వెనక్కి తగ్గిన వయసులో పక్క పాపిట తీసి ముందుజుట్టును కాస్త నుదుటి మీదికి వాలనిస్తే చాలు, పక్కలు మాత్రం బాగా దించాలి. ఈ చివరి మాటే జనం వినరు. పైన తగ్గుతోంది కదా, పక్కలైనా ఒత్తుగా ఉంచుదామనుకుంటారు. చెవుల మీద జుట్టు గుబురుగా ఉంటే నడినెత్తి మరీ బోసిగా కనబడుతుంది. పక్కలకు మెషిన్ తక్కువ నంబరుతో పెట్టించి, పైకి వచ్చేకొద్దీ పెంచే ఫేడ్ క్రాపు కుర్రకారు ఫ్యాషన్‌గా మొదలైంది గానీ, అసలు లాభం నలభై దాటినవాళ్లకే. నడినెత్తి కూడా తేలాక పైన అంగుళం కన్నా పొడుగు ఉంచడం దండగ. రెండూ కలిశాక తల మొత్తానికి ఒకటో రెండో నంబరు పెట్టించడం తప్ప కత్తెర చేయగలిగింది పెద్దగా లేదు. దాంతో పాటు గడ్డం ఉంటే చూసేవాళ్ల కన్ను కిందికి దిగుతుంది. నెత్తి మీద పోయిన బరువు దవడ మీద సర్దుకుంటుంది.

వీటన్నిటికీ ఎదురునిలిచిన మొండి పద్ధతి ఒకటుంది: ఎడమ చెవి మీది నుంచి జానెడు జుట్టు పెంచి, నడినెత్తి మీదుగా కుడి చెవికి చేర్చడం. ఇది మన దగ్గరే పుట్టిందనుకుంటే పొరపాటు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఫ్రాంక్ స్మిత్, డొనాల్డ్ స్మిత్ అనే తండ్రీకొడుకులు మూడు వైపుల నుంచి జుట్టు తెచ్చి బట్టతల కప్పే విధానానికి 1977లో పేటెంటే తీసుకున్నారు. 2004లో దానికి నవ్వు పుట్టించే ఆవిష్కరణలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది. గోదావరి జిల్లాల్లో మాత్రం ఈ పేటెంటు చెల్లదు. కొవ్వూరు నుంచి రాజమండ్రికి రోడ్డు కం రైలు వంతెన మీద బండి నడిపే మనిషికి నది మీది గాలి ఎదురొస్తుంది. వంతెన దిగేసరికి ఆ జానెడు జుట్టు చెవి పక్కన జెండాలా వేలాడుతుంటుంది. దాచాలని చేసిన ప్రయత్నం బయటపడటం బట్టతల కన్నా ఎక్కువ నవ్వు తెప్పిస్తుంది.

గుండు విషయంలో తెలుగువాడికి ప్రపంచంలో చాలామందికి లేని సౌకర్యం ఉంది. వేరే దేశంలో మేనేజరు ఒక సోమవారం గుండుతో ఆఫీసుకొస్తే ఏదో అయిందనుకుంటారు. ఇక్కడైతే "తిరుపతా, చిన్న తిరుపతా?" అని అడిగి ప్రసాదం కోసం చెయ్యి చాపుతారు. తిరుమల కల్యాణకట్ట సరే, ద్వారకా తిరుమల, అన్నవరం, అంతర్వేది ఇవన్నీ డెల్టావాళ్లకు ఒక పూట ప్రయాణం. జుట్టు పోతున్నవాడు గుండు తనకు నప్పుతుందో లేదో చూసుకోవాలంటే ఒక మొక్కు చాలు. బాగుంటే ట్రిమ్మర్ కొనుక్కుని కొనసాగించవచ్చు, బాగోలేకపోతే నెలకు సుమారు సెంటీమీటరు చొప్పున వచ్చినంత జుట్టు వస్తుంది. స్వామికి ఈ పరీక్ష గురించి తెలిసినా పెద్దగా పట్టించుకోడనే నమ్మకం.

ఇబ్బంది మరో అర్థంతో వస్తుంది. తల్లో తండ్రో పోయినప్పుడూ గుండే. చెప్పాపెట్టకుండా నున్నటి తలతో కనిపిస్తే ఎదుటివాళ్ల ముఖం ఒక్క క్షణం మారిపోతుంది. ఆ సందేహం తీర్చేది మీసం. కర్మలో మీసం కూడా తీసేస్తారు కాబట్టి, గుండు మీద ఒత్తయిన మీసమో కత్తిరించిన గడ్డమో ఉంటే అది ఇష్టపడి చేయించుకున్నదని ఊరికి అర్థమవుతుంది. గుండుతో పాటు మీసం కూడా తీసేసి పెళ్లికి వెళ్లేవాళ్లు పరామర్శలకు సిద్ధపడే వెళ్లాలి.

గుండు మీద అభిప్రాయాలు కొలిచినవాళ్లూ ఉన్నారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వార్టన్ స్కూల్లో ఆల్బర్ట్ మానెస్ 2012లో ఒకే మనిషి ఫొటోను జుట్టుతోనూ, కంప్యూటర్లో జుట్టు తీసేసీ చూపించాడు. గుండుతో ఉన్నప్పుడు ఆ మనిషి దాదాపు అంగుళం పొడుగ్గా, 13 శాతం బలంగా కనిపించాడని చూసినవాళ్లు చెప్పారు. కాస్త వయసు మీరినట్టూ, అందం కొంచెం తగ్గినట్టూ కూడా అన్నారు. అందరికన్నా తక్కువ మార్కులు పడింది మాత్రం సగం పోయి సగం మిగిలిన జుట్టుకే. తెలుగు సినిమా ఆ సంగతిని కొలతలు లేకుండానే పట్టుకుంది. నరసాపురంలో పుట్టిన జంధ్యాల 1987లో 'అహ నా పెళ్ళంట' తీస్తూ, అత్తిలి కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పిన బ్రహ్మానందానికి పూర్తి గుండు ఇవ్వలేదు, సగమే గొరిగించి అరగుండు అన్నాడు. నవ్వంతా ఆ సగంలో ఉంది. 2021లో వచ్చిన 'నూటొక్క జిల్లాల అందగాడు'లో అవసరాల శ్రీనివాస్ వేసిన కథానాయకుడికి బట్టతల ఉంటుంది, ఆ రహస్యాన్ని విగ్గు కింద దాచుకోలేక సతమతమవుతాడు. ఇక రజనీకాంత్ తెర మీద విగ్గుతో, బయట సభల్లో ఉన్న తలతో కనబడటం అభిమానులకు ఏనాడో అలవాటైపోయింది.

గుండుకు ఖర్చు లేదంటారు, ఒకటుంది. ఎండ. నీడ కోసం తాటిచెట్టు కిందికి పరుగెత్తిన బట్టతలవాడి నెత్తిన తాటిపండు పడిన భర్తృహరి సుభాషితాన్ని తెలుగు చేసినది పెద్దాపురం ప్రాంతపు ఏనుగు లక్ష్మణకవి. తాటిపండు సంగతి అదృష్టానికి వదిలేసినా, రోహిణి కార్తె ఎండ మాత్రం తప్పదు. జుట్టు లేని మాడు చర్మం తొందరగా కమిలిపోతుంది. ముఖానికి రాసే సన్‌స్క్రీన్ నెత్తికీ, చెవుల పైఅంచులకూ రాయాలి. చెమటకు కారిపోతుంది కాబట్టి రెండు గంటలకోసారి మళ్లీ. పొలం పోయే రైతు తలకు చుట్టే తువ్వాలు కూడా ఆ పనే చేస్తుంది, తక్కువ ఖర్చుతో.

దాచాలనుకునేవాళ్లకు బజారు బోలెడు చూపిస్తోంది. డబ్బాలోంచి చల్లుకునే హెయిర్ ఫైబర్లు సన్నటి కెరాటిన్ పొడి. స్థిరవిద్యుత్తుతో ఉన్న వెంట్రుకలకు అంటుకుని వాటిని లావుగా చూపిస్తాయి. పూర్తిగా నున్నబడ్డ చోట పట్టుకోవడానికి ఏమీ ఉండదు, పలచబడ్డ చోటే పని. ఏసీ హాల్లో రిసెప్షన్‌కు బాగా పనికొస్తాయి. మే నెలలో కల్యాణ మండపం వంటశాల వైపు నాలుగుసార్లు తిరిగితే నల్లటి చెమట కాలరు మీదికి దిగుతుంది. హెయిర్ ప్యాచ్ అంతకన్నా గట్టిది. లేసు గానీ సన్నటి వల గానీ ఆధారంగా నిజం జుట్టు కుట్టి, క్లిప్పులతోనో టేపుతోనో జిగురుతోనో తలకు పెడతారు. చూడ్డానికి బాగుంటుంది. టేపు, జిగురు రకాలను మూడు నాలుగు వారాలకోసారి విప్పి, తల శుభ్రం చేసి మళ్లీ అతికించాలి. డెల్టా ఉక్కపోతలో ఆ గడువు దాటితే దురద, పుండ్లు, ఫంగస్. రాత్రి తీసి గాలి ఆడనిచ్చే క్లిప్పు రకమే ఇక్కడి వాతావరణానికి నయం. జిగురు ప్యాచ్ ఉన్నవాళ్లు 2027 గోదావరి పుష్కరాల్లో మూడు మునకలు వేసే ముందు ఆలోచించుకోవాలి.

ఆడవాళ్ల విషయం వేరు. మొక్కుకు తలనీలాలు ఇచ్చిన ఆడవాళ్లను ఎవరూ తప్పుగా చూడరు, కానీ ఆ మన్నింపు నాలుగు నెలలకే. దీని వెనక బరువైన చరిత్ర ఉంది. రాజమండ్రిలో వీరేశలింగం 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించే నాటికి, బ్రాహ్మణ ఇళ్లలో భర్త పోయిన స్త్రీకి, ఒక్కోసారి బాలికకు, తల గొరిగించేవారు. ఆడదాని బోడితల అంటే అరిష్టమనే భయం ఆ ఆచారం పోయాక కూడా పోలేదు. మగవాడికి ఇరవై క్రాపులు, ఒక గుండు. ఆడవాళ్లకు జడ, ముడి.

వీళ్లలో జుట్టు పల్చబడే తీరూ వేరు. నుదుటి గీత అలాగే ఉండి, పాపిట వెడల్పవుతుంది. లుడ్విగ్ అనే జర్మన్ వైద్యుడు 1977లో దీన్ని మూడు స్థాయిలుగా చెప్పాడు. కాన్పయిన మూడో నెలలోనో, టైఫాయిడ్, కొవిడ్ లాంటి జ్వరాలు తగ్గిన రెండు మూడు నెలలకో చేతికి గుప్పెళ్లుగా వచ్చే జుట్టు వేరే రకం. అది చాలావరకు తనంతట తిరిగి వస్తుంది. అంతలోనే బెంగతో జుట్టంతా కత్తిరించేసుకోనక్కర్లేదు.

పాపిట వెడల్పయితే చేయాల్సిన మొదటి పని దాన్ని కదపడం. చిన్నప్పటి నుంచి ఒకేచోట తీసిన నడి పాపిటను వేలెడు పక్కకు జరిపినా, వంకరటింకరగా తీసినా మాడు తెల్లగీత విరిగిపోతుంది. పెళ్లికూతుళ్ల పాత నగల్లో దీనికి తయారుగా జవాబుంది: పాపిటబిళ్ల సరిగ్గా పలచబడ్డ దారి మీదే కూర్చుంటుంది, సూర్యవంక చంద్రవంకలు దానికి రెండు పక్కలా. కట్టుదిట్టంగా అల్లిన జడ, దానికి కడియపులంక మార్కెట్ పూలతో కట్టిన బరువైన పూలజడ ఒక పూటకు ముద్దే. రోజూ బిగించి లాగి దువ్వితే మాత్రం కణతల దగ్గర కుదుళ్లు వదిలేస్తాయి. అలా చాలా ఏళ్లు లాగిన చోట మళ్లీ మొలవదు. వదులుగా అల్లుకోవడం, మెడ మీద కిందికి ముడి వేసుకుని చుట్టూ మల్లెలు తురుముకోవడం నయం. జుట్టు భుజాల దాకా కత్తిరిస్తే బరువు తగ్గి కుదుళ్ల దగ్గర లేస్తుంది. "పొడుగు జడ కత్తిరించావేంటే" అని అత్తయ్యలు అడుగుతారు. ఎలుక తోకంత జడ కన్నా భుజాల మీద ఆడే జుట్టు ఒత్తుగా కనబడుతుందని వాళ్లకూ చూడగానే తెలిసిపోతుంది.

సవరం ఎలాగూ ఉంది. ఇప్పుడు పార్లర్లు ఎక్స్‌టెన్షన్ అని అమ్మే దానికి నాయనమ్మల నాటి పేరు అదే. పక్క జిల్లా కూచిపూడిలో మగవాళ్లే సత్యభామ వేషం కట్టి, వేదాంతం సత్యనారాయణ శర్మ తరం దాకా, పెట్టుడు జడతోనే సభను మెప్పించారు. కొనేటప్పుడు మాత్రం ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడాలి. నిజం జుట్టు గోరు కాలిన వాసనతో బూడిదవుతుంది, సింథటిక్ అయితే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. ఆ రెండో రకంతో గ్యాస్ పొయ్యి దగ్గర నిలబడటం మంచిది కాదు. నిజం జుట్టులోనూ రకాలున్నాయి. దేవస్థానాల్లో ఇచ్చిన తలనీలాలను వేలం వేస్తారు, ఏలూరులో ఆ జుట్టును శుద్ధి చేసి విదేశాలకు పంపే వ్యాపారం ఉంది. కుదురు ఒకవైపు, కొస ఒకవైపు చెదరకుండా కట్టిన ఆ జుట్టు చిక్కుపడదు. వీధుల్లో స్టీలు సామాన్లకు మార్చుకునే దువ్వెన జుట్టులో కొసలు, కుదుళ్లు కలిసిపోతాయి. దాన్ని ఆమ్లంలో ముంచి, పైన సిలికోన్ పూసి నునుపు తెస్తారు. నాలుగు తలంట్లకు ఆ నునుపు వదిలి చిక్కులు మొదలవుతాయి. కొస నుంచి కుదురు వైపు వేళ్లతో నిమిరితే నిజం జుట్టు కాస్త గరుకుగా అడ్డుతగులుతుంది. ఎటు నిమిరినా గాజులా జారిపోతే అది పూత. పాపిట మీద పలచబడ్డవాళ్లకు జడ పొడుగు పెంచే సవరంతో పని జరగదు. నడినెత్తి మీద క్లిప్పులతో పెట్టే టాపర్ కావాలి. దాని రంగు జడకొసకు కాకుండా కుదుళ్ల రంగుకు కలిసేలా చూసుకోవాలి. నెరిసిన పాయలున్నవాళ్లు నల్లటి టాపర్ కొని బాధపడుతుంటారు.

మందులు కొద్దిగానే చెప్పుకోవాలి, ఎందుకంటే చెప్పాల్సింది డాక్టరు. రక్తపోటు మందుగా పుట్టిన మినాక్సిడిల్‌కు జుట్టు కోసం 1988లో, మగవాళ్లకు ఫినాస్టరైడ్ మాత్రకు 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది. రెండూ వాడినంతకాలమే పనిచేస్తాయి. మానేస్తే నెలల్లో మళ్లీ పాత దారే. ఫినాస్టరైడ్‌కు లైంగిక సమస్యల లాంటి దుష్ఫలితాలు కొందరిలో ఉన్నాయి. గర్భిణులు ఆ మాత్ర పొడిని ముట్టుకోకూడదు. మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే సరుకు కాదిది.

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ బోర్డులు ఇప్పుడు ఊరూరా కనిపిస్తాయి. పోకుండా మిగిలిన వెనక దండ నుంచి కుదుళ్లు తీసి ముందు నాటడమే ఆ పని, కొత్త జుట్టు పుట్టించడం కాదు. న్యూయార్క్‌లో నార్మన్ ఒరెంట్‌రైక్ 1952లో దీనికి బాట వేశాడు. వెనక నిల్వ తక్కువున్నవాడికి ముందు ఒత్తుగా నాటడం కుదరదు, అలా మాటిచ్చే చోటి నుంచి లేచి రావడమే మంచిది. శిక్షణ లేనివాళ్లు ఈ ఆపరేషన్లు చేస్తుండటంతో జాతీయ వైద్య కమిషన్ 2022లో మార్గదర్శకాలిచ్చింది. వర్క్‌షాపులో చూసో యూట్యూబ్‌లో చూసో నేర్చుకుంటే చాలదని, శస్త్రచికిత్సలో తగిన శిక్షణ ఉన్న డాక్టరే చేయాలని అందులో ఉంది. కుదుళ్లు తీసేదీ నాటేదీ ఎవరు, డాక్టరా టెక్నీషియనా అని ముందే అడగాలి. నాటిన వెంట్రుకలు రెండు మూడు వారాలకే రాలిపోతాయి. డబ్బు పోయిందని గుండెలు బాదుకునేది అప్పుడే. కుదురు లోపలే ఉంటుంది, మూడు నాలుగు నెలలకు మొలక, ఒత్తు తెలియడానికి తొమ్మిది నుంచి పన్నెండు నెలలు. ఆ మధ్యకాలమంతా మళ్లీ పొట్టి క్రాపు, వదులు టోపీయే గతి. మాఘమాసంలో ముహూర్తం పెట్టుకుని సంక్రాంతికి డాక్టరు దగ్గరికి పరుగెత్తేవాళ్లున్నారు. వాళ్ల పెళ్లి ఫొటోల్లో పడేది ఆ రాలిన తలే. ముందటి వేసవి సెలవుల్లోనే ఆ పని కానిచ్చుకుంటే లెక్క సరిపోతుంది.